ఆర్నల్డ్ టీ

కొండ మీది పాత ఆసుపత్రిని ఇప్పుడు ఫ్లాట్లు చేసి అమ్ముకున్నారు. బస్సు అటు వెళ్లినప్పుడల్లా మేవిస్ ఎంట్విజిల్ అద్దం తుడిచి మరీ చూస్తుంది. మేధో వైకల్యం ఉన్న మగవాళ్ల వార్డు రెండో అంతస్తులో ఉండేది. ఆమె నర్సుగా పనిచేసినన్నాళ్లూ అక్కడే. నేల పాలిష్ వాసన, ఉడికిన క్యాబేజీ, వేడి గొట్టాల మీద ఆరేసిన సాక్సులు. వాటిలో గొప్పేమీ లేదు. అయినా తలుచుకుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ముందుగా గుర్తొచ్చేది ఆర్నల్డ్. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాటలు రావు. తిండికీ స్నానానికీ పేచీ లేదు. మధ్యాహ్నం టీ వస్తే మాత్రం కప్పు గోడకేసి కొట్టేవాడు. అడ్డం వెళితే గుద్దేవాడు. డాక్టర్లు మాత్రలు పెంచారు. రోజంతా తూలుతూ తిరిగి, టీ వేళకి తేరుకుని మరీ విసిరేవాడు.

ఆసుపత్రి మూసేస్తారనే మాట వచ్చిన రోజుల్లో, ఇలాంటివాళ్ల చికిత్స కోసమే ఊళ్లో ఒక చిన్న ఇల్లు తెరిచారు. ఆర్నల్డ్ అక్కడ కుదురుకుంటే ఊళ్లోనే ఉంటాడు, లేకపోతే ఎక్కడో దూరాన తాళాలు వేసే వార్డుకి పోతాడు. కొన్నాళ్లు తోడుగా మేవిస్‌ని పంపారు.

మొదటి రోజే ఆమె అలవాటుకొద్దీ పాలూ చక్కెరా కెటిల్లోనే కలిపేసి టీ పోసింది. వార్డులో నలభై మందికీ అలాగే ఇచ్చేవాళ్లు. కప్పు గోడకి తగిలింది. సైకాలజిస్టు గ్విలిమ్ చొక్కా తుడుచుకుని, తన కప్పులోది ఒక గుక్క తాగాడు.

"సిస్టర్, ఇది టీయా, దగ్గుమందా?"

"ఎప్పట్నుంచో ఇదే, నాయనా. ఇంతవరకూ ఎవరూ చావలేదు."

"ఆయనకిలా ఇష్టమేనా?"

"ఎవరడిగారు? చెప్పడానికి వాడికి నోరుండాలి కదా."

ఆ మాట అనేశాక ఆమె వంగి కప్పు పెంకులు ఏరింది.

మర్నాడు టీ, పాలు, చక్కెర వేరువేరుగా బల్ల మీద పెట్టారు. ఆర్నల్డ్ చెయ్యి చాచాడు. కాలుతుందని మేవిస్ పట్టుకోబోతే గ్విలిమ్ వద్దన్నాడు. ఆర్నల్డ్ సగం కప్పులోకీ సగం బల్ల మీదికీ నల్లటి టీ పోసుకున్నాడు. పాల జోలికి పోలేదు. తాగి, మళ్లీ పోసుకున్నాడు.

అంతటితో సాధువైపోలేదు. తర్వాతి వారం టీ చల్లారిందని మళ్లీ విసిరాడు. ఆర్నల్డ్‌ని ఉంచాలా పంపెయ్యాలా అని తేల్చే సమావేశంలో పెద్ద డాక్టరు ఆ సంగతి ఎత్తాడు.

"చల్లటి టీ ఇస్తే నేనూ విసురుతానండీ," అంది మేవిస్. "నన్నూ తాళం వేసి పెడతారా?"

డాక్టరు నవ్వాడు. ఆర్నల్డ్ ఆ ఊళ్లోనే ఉండిపోయాడు.

మేవిస్ కొండ మీదికి తిరిగొచ్చి, పాలు వేరుగా పంపమని వంటింట్లో అడిగింది. నలభై మందికా, నీకేమైనా పిచ్చా అన్నారు. ఆ సాయంత్రం ఎప్పటి టీయే పోసింది. అందరూ తాగారు. ఎవరూ విసరలేదు. ఆర్నల్డ్ లేడు కదా.