ఖదీర్ దిగాలంటే మల్లేశ్ ఎక్కాలి

కాకినాడ అవతల సముద్రంలో ఒక చిన్న చమురు క్షేత్రం ఉంది. అక్కడ పనికి పోవాలని ఉందంటూ నాకు రాసే పాఠకులు ఎక్కువయ్యారు. ఆ దారేదో చూద్దామని, అక్కడి ఓడ మీద పనిచేసే పాల్మాకుల మల్లేశ్ డ్యూటీకి బయల్దేరిన రోజున విమానాశ్రయం దాకా అతని వెంట వెళ్లాను.

ఆరింటికి హైదరాబాద్ ఆరాంఘర్‌లో సిటీ బస్సెక్కితే గగన్‌పహాడ్ దాటేసరికి తెల్లారింది. టికెట్టు యాభై లోపే. శంషాబాద్ బస్టాండులో మల్లేశ్ కలిశాడు. పంటినొప్పితో ఎడమ దవడ బూరెలా వాచింది. నన్ను నేరుగా ఖదీర్ ఇంటికి తీసుకెళ్లాడు. ఓడ మీద ఇద్దరిదీ ఒకే పని, ఒకే మంచం. ఒకరు ఎక్కితేనే ఇంకొకరు దిగాలి; ఇప్పుడు ఓడ మీదున్నది ఖదీర్. ఎక్కేవాడు దిగేవాడి ఇంట్లో తిని బయల్దేరడం వాళ్ల ఆనవాయితీ.

ఖదీర్ భార్య షాహీన్‌కు మర్నాడే కాన్పు ఆపరేషన్. అయినా ఖిచిడీ వండి పెట్టింది. మల్లేశ్ కుడివైపే నములుతూ చెప్పాడు.

"సముద్రం అడుగున నాలుగు బోర్లన్నా, మీద ఒక ఓడ. చమురు, నీళ్లు, గ్యాసు ఆడనే ఏరుచేస్తం. కొన్నేండ్లకు ఎండుతది. ఎండే బోరుకు ఎవడు ఖర్చు పెడ్తడు?"

అందుకే మంచాలు తక్కువ, అదనపు మనిషి అసలే లేడు. బోరు ఎప్పుడు ఎండుతుందో ముందే లెక్కేసుకున్న పెద్దమనుషులకు, మనిషికి జబ్బు చేస్తుందని తట్టలేదా?

"ఆ దవడతో డాక్టరు హెలికాప్టర్ ఎక్కనిస్తాడా?" అన్నాను.

"మాస్కు పెట్టుకుంట. జర నవ్వకుంటె సాలు."

షాహీన్ గరిటె ఠక్కున పెట్టింది. "ఏంది మల్లేశ్ భాయ్, మజాకా? నడి సముద్రంల జ్వరమొస్తె నిన్ను దింపి మళ్ల ఎవర్ని ఎక్కిస్తరు? మా ఆయన్నే గద! దాచకు, చెప్పెయ్. రేపు ఆయన రాకుంటె మా అమ్మ ఉంది."

వీళ్లను పనికి పంపే ఏజెన్సీ సూపర్‌వైజరుకు నేనే ఫోన్ చేసి, అదనపు మనిషిని ఎందుకు పెట్టరని నిలదీశాను.

"చిన్న ఫీల్డండీ. ఇంకో మనిషిని ఎక్కడి నుంచి తెమ్మంటారు?"

"లాభం కూడా చిన్నదేనా?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

క్యాబ్‌లో విమానాశ్రయానికి మూడు వందలయింది. గేటు దగ్గర మల్లేశ్ మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇగ చెప్పేస్త అన్నా. షాహీన్ చెల్లె తిట్లకంటె డాక్టరే నయం."

విమానంలో రాజమండ్రి చేరాక, హెలికాప్టర్ ఎక్కేముందు డాక్టరు ఆపేశాడని మల్లేశ్ ఫోన్ చేశాడు. రెండు గంటల్లో కాకినాడ నుంచి ఇంకో మనిషి వచ్చాడు! పొద్దున లేనివాడు మధ్యాహ్నానికి ఎలా పుట్టాడు? మనిషి కష్టానికి కదలని వాళ్లు, ఖాళీ సీటుతో హెలికాప్టర్ లేస్తుందనగానే కదిలారు.

సాయంత్రం మల్లేశ్, ఖదీర్ ఇద్దరూ ఒకే విమానంలో శంషాబాద్‌లో దిగారు. ఇన్నేళ్లలో వాళ్లు కలిసి అన్నం తిన్నది ఆ రాత్రేనట. తినగానే ఖదీర్ దవాఖాన సంచి సర్దడానికి లేచాడు.

మల్లేశ్‌కు మాత్రం ఈ విడత జీతం పోయింది. నిజం చెప్పినందుకు పడ్డ జరిమానా అది. అయినా మనసు తేలికపడిందన్నాడు. నాకు పడలేదు. ఒక కాన్పుకూ ఒక పంటినొప్పికీ పోటీ పెట్టే ఏర్పాటును చిన్న క్షేత్రం కదా అని సరిపెడితే నేనొప్పుకోను. ఈ పనికి వెళ్లేవారికి ఒక్క మాట: సంతకం పెట్టేముందు, నాకు జబ్బు చేస్తే నా బదులు ఎవరొస్తారని అడగండి. పేరు చెప్పేదాకా పెన్ను తెరవకండి.