పర్చూరు దాకా మోసుకెళ్లిన గుప్పెడు పత్తిచెక్క

పిడుగురాళ్లలో సున్నం బట్టీ దగ్గర సంచులు నింపడం నా పని. మా అమ్మదీ అదే పని, నాకంటే ఇరవై ఏళ్లు ముందునుంచి. పొద్దున మామూలు మనుషుల్లా వెళ్లి సాయంత్రం జుట్టూ కనురెప్పలూ తెల్లబడి ఇంటికొస్తాం. చూసేవాళ్లకి నవ్వొస్తుందేమో, అమ్మ దగ్గు విననంతవరకు. కిందటేడు వానలు వెనకబట్టాక ఆ దగ్గు మరీ ముదిరింది. ఇప్పుడు ఒంటిపూటే వస్తోంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఆ ఒంటిపూట కూడా మాన్పించాలని ఎనిమిది పంది పిల్లల్ని కొన్నాను. పాలు మరిచినవి. ఇంట్లో ఉండి అమ్మ చూసుకుంటుంది, అవి పెరిగి ఈనితే ఇక బట్టీ ముఖం చూడక్కర్లేదు అనుకున్నాను.

మూడు నెలలు తిరిగేసరికి ఐదు మిగిలాయి. ముందురోజు తొట్టి నాకినది తెల్లారేసరికి పక్కవాటుగా పడి ఉండేది. చచ్చే ముందు రెండు రోజులు డొక్కలు ఎగరేస్తూ ఆయాసపడేవి, అచ్చం అమ్మలాగే. ఉన్నవాటికీ ఎముకలు కనిపిస్తున్నాయి. ఒక్క బుడ్డోడు తప్ప. కొన్నప్పుడు అన్నిటికంటే చిన్నది అదే, ఆ పేరు అమ్మ పెట్టింది. మూడోది పోయిన రోజు అమ్మ మీద అరిచాను. "బలమైన మేత తెచ్చి పడేస్తున్నా కదా, అది పెట్టడం కూడా చేతకాదా నీకు?" అమ్మ తొట్టి తీసుకుని కడగడానికి వెళ్లింది. "వాటికి అది పడటం లేదేమోనే" అని అంతకుముందు రెండుసార్లు అన్నది. "నీకేం తెలుసు" అని రెండుసార్లూ నోరు మూయించాను.

పర్చూరు వైపు కోటమ్మ అని ఒకావిడ ఉందని, ఆవిడ పందులు దూడల్లా ఉంటాయని మా బట్టీకి వచ్చే లారీ డ్రైవర్ చెప్పాడు. ఆదివారం బయల్దేరాను. పందులు పెంచేవాళ్లు, పెంచుదామనుకునేవాళ్లు అటు వెళ్లి కళ్లారా చూడాలనుకుంటే దారి చెప్తాను. ముక్కు మూసుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

పొద్దున ఆరింటికి పిడుగురాళ్లలో నరసరావుపేట బస్సెక్కాను. గంటకు పైనే పట్టింది. అక్కడినుంచి చిలకలూరిపేట ముప్పావు గంట, చిలకలూరిపేట నుంచి పర్చూరు ఇంకో గంట. మూడూ పల్లెవెలుగులే. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ ఇస్తున్నారు, మగవాళ్లు వందకు పైనే పెట్టుకోవాలి. నా ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో గుప్పెడు మా పందుల మేత. ఎందుకు తీసుకెళ్లానంటే పొగరుతో. నేను పెట్టే మేత చూశాక తప్పు నాదని ఎవరూ అనకూడదు.

చిలకలూరిపేట దాటాక కళ్లకు ఎరుపు తప్ప ఇంకేం కనపడదు. కల్లాల నిండా మిరపకాయలు. పక్కనే పీకేసిన పత్తి కట్టె మోపులు. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడకండి, ఘాటుకి తుమ్మి చస్తారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కవరు వాసన చూసి, "ఏందమ్మా అది, గేదె మేతా?" అంది. పందులకి అన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుంది. మిరపకాయల బస్తా మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి నా గుప్పెడు మేత అంటయిపోయింది! ఆ రోజు నా కోపం అంతా పర్చూరు కోసం దాచుకున్నాను.

తొమ్మిదిన్నరకి పర్చూరులో దిగి ఇడ్లీ తిని ఆటో అడిగాను. ఆవిడ ఊరు అక్కడినుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి. షేరింగులో ముప్పై, ఆదివారం కాబట్టి జనం లేరు, మొత్తం ఆటోకి నూటయాభై అయింది.

"కోటమ్మ దగ్గరికా? డాక్టరమ్మవా నువ్వు?" అన్నాడు డ్రైవర్.

"కాదన్నా. సున్నం బట్టీలో పని."

"మరి నీకెందుకమ్మా పందుల గొడవ, బట్టీ పని ఉండంగా?"

"బట్టీ పని ఉంది కాబట్టే."

అతను అద్దంలో నా ముఖం చూసి గేరు మార్చాడు. దిగాక, "తిరిగి పోయేటప్పుడు ఫోన్ చెయ్, ఇరవై తగ్గించుకుంటా" అన్నాడు.

కోటమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. పొగాకుని వేడికి ఆరబెట్టే పాత బ్యారన్ గది ఒకటి ఖాళీగా పడి ఉంటే, దాని చుట్టూ చప్టా పోయించి పందుల కొట్టం చేసుకుంది. నేను గేటు తీయబోతుంటే లోపలినుంచే కేకేసింది.

"ఆగాగు! యాడికి? ముందు చెప్పు, మీ ఇంట్లో పందులున్నాయా?"

"ఉన్నాయండీ. మూడు చచ్చిపోయాయి. అందుకే వచ్చాను."

"చచ్చినయ్యా? అయితే అడుగు లోపల పెట్టమాక. ఆ గట్టు మీద కూర్చో."

మూడు బస్సులు మారి వచ్చిన మనిషిని గేటు బయట కూర్చోబెడుతుందా! నాకు ఒళ్లు మండిపోయింది. "బస్సులో వాళ్లు దూరం జరిగారంటే అర్థం ఉంది. మీరు కూడానా?" అని గట్టిగానే అన్నాను.

ఆవిడకేం కోపం రాలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి గట్టు మీద పెట్టింది. "పిచ్చి మొఖమా, నువ్వు దూరం కాదు, నీ చెప్పులు దూరం. మీ పందులకి ఏ రోగమొచ్చిందో నాకేం తెలుసు? నీ కాలితో అది నా కొట్టంలోకి వస్తే నలభై పందులు పోతయ్. వాటికి చెప్పుకోవడానికి నోరుందా?" గేటు ముందు ఒక తొట్టి చూపించింది. సున్నం నీళ్లు. ఇంట్లోవాళ్లైనా సరే అందులో కాళ్లు ముంచే లోపలికి వెళ్లాలట.

"పిన్నీ, నేను సున్నంలోనే పుట్టి పెరిగాను" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "అయితే నువ్వే తొట్టివి. కూర్చో, కూర్చో."

గట్టు మీదనుంచే అంతా చూశాను. పందులు మూడు గదుల్లో ఉన్నాయి, ఈడునిబట్టి కాదు, సైజునిబట్టి. పెద్దవీ చిన్నవీ కలిపితే చిన్నవాటికి తొట్టి దక్కదు. నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఎండెక్కాక గొట్టంతో ఒళ్లు తడుపుతుంది, పందికి మనలా చెమట పట్టదు కాబట్టి. మేత రెండు పూటలే, పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదింటికి. పది పాళ్లలో ఐదు పాళ్లు నూకలూ మొక్కజొన్న పిండీ, మూడు పాళ్లు తవుడు, రెండు పాళ్లు వేరుశనగ చెక్క, పైన కొంచెం మినరల్ మిక్చరు. చెక్కకి బూజు వాసనొస్తే పారేస్తుంది. ముప్పై కిలోల పందికి రోజుకి కిలోన్నర దాకా. హోటలు కూడు తెస్తే పచ్చళ్లు, ఉప్పు ఎక్కువైనవి ఏరేసి, మళ్లీ ఉడికించిగానీ పెట్టదు. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు, పశువుల డాక్టరు చెప్పినప్పుడల్లా.

గోడకి మేకులు, మేకులకి నులక తాళ్లు వేలాడుతున్నాయి. పందికొక తాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పూట, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ తాడు తిప్పి, అందినచోట ముడి వేస్తుంది. నేను చూస్తుండగా ఒకదానికి వేసింది, దాని చెవి వెనక గోకుతూ, "నిలబడరా నా తండ్రీ, ఒక్క చిటికె" అంటూ. ముడులు దూరం దూరంగా పడుతున్నాయంటే బరువు పెరుగుతోంది. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయంటే ఆ పందిని పక్కకి తీసి చూడాలి. "కాటా ఎందుకమ్మాయ్, తాడు అబద్ధం చెప్పదు" అంది. ఫోనులో వీడియోలు తెగ చూశాను నేను, బూట్లేసుకున్నవాళ్లు తొంభై రోజుల్లో లక్షాధికారి అవుతారని చెప్పేవి. తాడు సంగతి ఒక్కడూ చెప్పలేదు.

"ఇప్పుడు నీ సంగతి చెప్పు" అని గట్టుకి అవతల చతికిలబడింది. "జ్వరం వచ్చిందా? చర్మం ఎర్రబడిందా? పారుకున్నాయా?"

"ఏమీ లేదు. ఆయాసం. తర్వాత పడిపోవడం."

"అన్నీ ఒకేసారా?"

"కాదు. రెండు వారాలకొకటి."

"ఏం పెడుతున్నావు?"

ఇదే కావాలి నాకు. కవరు విప్పి గట్టు మీద పోశాను. ఆవిడ కొంచెం వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం మారిపోయింది.

"పత్తిచెక్క కదా ఇది?"

"అవును. పత్తి గింజల నూనె తీసే మిల్లులో కొన్నాను, నూనె తీశాక మిగిలే చెక్క. గేదెలకి ఇదే పెడతారు, పాలు పొంగుతాయి. గేదెకే అంత బలమిచ్చేది పందికి ఇవ్వదా అని సగానికి సగం కలిపాను."

"గేదెకి పొట్టలు నాలుగమ్మాయ్. పత్తి గింజలో ఉన్న విషం దాని పొట్టలో విరిగిపోద్ది. పందికి మన పొట్టే, ఒకటే. రోజూ కాస్త కాస్త లోపల పేరుకుని గుండెని పట్టిద్ది. అందుకే ఆ ఆయాసం. డాక్టరుకి కూడా చూపించు, నా మాటే వేదం కాదు. కానీ ఇది ముందు ఆపు. ఆపినా ఇంకోటి పోవచ్చు. తట్టుకో."

అన్నాళ్లూ పంది పిల్లల్ని అమ్మినవాడిని తిట్టాను, బట్టీ ధూళిని తిట్టాను, దిష్టిని తిట్టాను, అమ్మని తిట్టాను. ఆ బస్తా మిల్లు నుంచి నా భుజం మీదే మోసుకొచ్చాను.

"ఒక్కటి మాత్రం బాగుంది పిన్నీ. అన్నిటికంటే చిన్నది, బుడ్డోడు. ఇప్పుడు అదే పెద్దది."

"అదేం తింటంది?"

"ఇదే తింటుంది. వేరే ఏముంది మా ఇంట్లో?"

కోటమ్మ గారు నన్ను తేరిపార చూసింది. "ఇది తినే పంది అట్టా పెరగదు. పెట్టే చెయ్యి ఎవరిది?"

"మా అమ్మది."

"అయితే నన్ను కాదు, మీ అమ్మని అడుగు పో." వెళ్లేటప్పుడు మేకునుంచి ఐదు కొత్త తాళ్లు తీసి ఇచ్చింది. డబ్బులివ్వబోతే, "నులకకి కూడానా!" అని కసిరింది.

నాలుగింటికి పర్చూరు బస్టాండులో కూర్చుని ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ చెక్క ఆపేయ్. ఇవాళ సాయంత్రం నుంచే. ఒక్క గుప్పెడు కూడా వద్దు."

"ఏమైందే?"

"అదే చంపింది వాటిని. నువ్వు చెప్పావు, నేను వినలేదు." అవతల దగ్గు. తగ్గేదాకా ఆగాను. "బుడ్డోడికి నువ్వు ఏం పెడుతున్నావు?"

"తిట్టనంటే చెప్తా" అంది, చిన్న గొంతుతో.

యాభై ఏళ్ల మనిషి, నన్ను కన్న మనిషి, నన్నడుగుతోంది ఆ మాట.

"తిట్టనమ్మా. చెప్పు."

"మిగతావి వాణ్ణి తొట్టి దగ్గరికి రానియ్యవే, కుమ్మేస్తయ్. వచ్చినా ఆ చెక్క వాసనకి ముక్కు తిప్పుకుంటాడు. అందుకని నువ్వు బట్టీకి పోయాక వెనకాల దొడ్లో పెడతన్నా. గంజీ, నూకలూ, చేపల తలకాయలు ఉడికించీ. ఆకలికి అరుస్తుంటే ఏం చెయ్యమంటావు? అన్నిటికీ పెడదామంటే నూకలు చాలవు, నువ్వేమో చెక్క బస్తా తగ్గలేదేందని చూస్తావు."

చిలకలూరిపేట బస్సు వచ్చి వెళ్లిపోయింది. తర్వాతది ఐదుంపావుకి. ఆ టైము నోట్ చేసుకోండి, ఆదివారం బస్సులు తక్కువ.

ఇదంతా జరిగి ఐదు వారాలైంది. తిరిగొచ్చిన నాలుగో రోజు ఇంకోటి పోయింది. కోటమ్మ గారు ముందే చెప్పింది కాబట్టి అమ్మా నేనూ కలిసే పూడ్చాం, ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. ఇన్నాళ్లూ సిగ్గుపడి వెళ్లని పశువుల డాక్టరు దగ్గరికి ఈసారి వెళ్లాను. ఆయనా చెక్కదే తప్పన్నాడు. ఇప్పుడు నాలుగు తాళ్లున్నాయి మా గోడకి. బుడ్డోడు కాక మిగతా మూడింటికి మొదటి రెండు ముడులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తర్వాత వేలెడు దూరం, పోయిన ఆదివారం రెండు వేళ్లు. ముడి అమ్మే వేస్తుంది. నేను చెవి వెనక గోకుతాను. అమ్మ ఇంకా ఒంటిపూట బట్టీకి వస్తూనే ఉంది, ఇంకెన్నాళ్లో ఆ తాళ్లే చెప్పాలి. కోపం నాకు పోలేదు, పోదు కూడా. కానీ అరవబోయే ముందు ఇప్పుడు ఒక మాట గుర్తొస్తుంది. "తిట్టనంటే చెప్తా." అంత చిన్న గొంతుతో మా అమ్మ ఇంకెప్పుడూ నాతో మాట్లాడకూడదు.

వెళ్లేవాళ్లకి ఒక్కటే చెప్తాను. పందులు ఎదగకపోతే ఎవరి దగ్గరికి వెళ్లినా, మీరు పెట్టే మేత గుప్పెడు కవర్లో పట్టుకెళ్లండి, బయల్దేరేముందు దాన్ని రోజూ తొట్టిలో పోసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఏది తింటోంది, ఏది తినట్లేదు అని మెల్లగా అడగండి. నేను అడిగి ఉంటే మూడు బస్సులు మారే పని ఉండేది కాదు.