గేటు పాస్ తీయండి

గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని చూసేది నేనొక్కణ్ణే. అంచేత ఆ కాంపౌండులో నా అంతటి మేధావి లేడని నాకో గట్టి నమ్మకం. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ ఛాంబర్లో ఏ వరసలో ఉన్నాయో చెప్పే పాత ప్రోగ్రాం ఒకటి మా ఆఫీసులో ఉంది. అది ఒకే ఒక్క ముసలి కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా నడవదు. ఆ కంప్యూటరేమో వేసవి మొదలైన దగ్గర్నుంచి రోజుకు రెండుసార్లు మూర్ఛపోతోంది.

దాన్ని నడిపేది ఒక మేడం గారు. ఇరవై ఏళ్లుగా అదే కుర్చీ, అదే నీలం తెర. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతారు, మిగతా ఆరు రోజులూ మమ్మల్ని అదిలిస్తారు. మా ఓనరు గారు కొత్త ప్రోగ్రాం కొనేద్దామన్నారు. నడిపే మనిషిని కూడా ఆ కంపెనీవాళ్లే పంపుతారట. అంటే మేడం గారు ఇంటికే. ఆ రోజంతా ఆవిడ ఎవర్నీ అదిలించలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

పాత కంప్యూటర్ని కొత్తదాని కడుపులో పెట్టేయొచ్చు, ప్రోగ్రామూ మేడం గారూ ఎక్కడివాళ్లక్కడే ఉంటారు, అని ఓనరు గారికి వర్చువలైజేషన్ గురించి చెప్పాను. మరి పురుడెప్పుడని అడిగారాయన. ఆయన వేళాకోళమాడారంటే పని సగం అయినట్టే.

ఆ పని చేసే మూడు సాఫ్ట్‌వేర్లు పోటీకి పెట్టాను. మొదటిది ఖరీదైనది, తెర పెళ్లిపందిరిలా మెరిసిపోతుంది. మనసులో దానికి అప్పుడే తాళి కట్టేశాను. రంగురంగుల బొమ్మలు వేసి వివరిస్తుంటే ఓనరు గారు చెయ్యెత్తి ఆపారు. మిర్చి కొనేటప్పుడు మోచేతి దాకా బస్తాలో చెయ్యి పెట్టి అడుగు కాయ తీసే మనిషాయన.

"మూతి దగ్గర కాయ ఎవడైనా చూపిస్తాడయ్యా. అడుగున ఏముందో ఆ అమ్మకే తెలుసు. ఏ పని చేసి చూపించాలో ఆవిణ్ణే అడగనియ్. మూడూ తప్పాయంటే కొత్త ప్రోగ్రామే."

మేడం గారు కాసేపు ఆలోచించి, గేటు పాస్ తీయండి అన్నారు.

గేటు పాస్ లేనిదే మా దగ్గర బస్తా కదలదు. కర్రుకర్రుమనే పాత ప్రింటర్ మీద, కార్బన్ పెట్టి మూడు ప్రతులు తీయాలి. నేను అన్నీ పరీక్షించాను, ఆ ప్రింటర్ని తప్ప. మొదటి సాఫ్ట్‌వేర్లో తెర మెరిసింది, ప్రింటర్ ఉలకలేదు. రెండోదాంట్లో ఏదో పిచ్చిగీతలు కొట్టింది. మూడోది ఉచితంగా దొరికేది, లెక్కకు మూడుండాలని పెట్టింది. ప్రింటర్ ఒక్కసారి కీచుమని, మూడు ప్రతులూ చక్కగా కొట్టింది. ఓనరు గారు అడుగు ప్రతి వెలుతురుకి పెట్టి చూసి, ఇదే ఉంచమన్నారు.

మధ్యాహ్నం మేడం గారి మీద విసుక్కున్నాను. మూడోది కూడా తప్పితే ఉద్యోగం పోయేది కదా, ఏదో తేలికైనది అడగొచ్చు కదా అన్నాను.

"అడగొచ్చు. రేపు లారీ ఎక్కించే రోజున పాస్ రాక రైతు ఎండలో నిలబడితే, అతనికి నేనేం చెప్పను బాబూ?"

ఆవిడ అడక్కపోతే నేను మొదటిదే పెట్టించేవాణ్ణి. లారీలు గేటు దగ్గర ఆగిన రోజున ఇంటికి పోయేది నేనే. ఆవిడ ఉద్యోగం నిలబెడుతున్నానని అన్నాళ్లూ మురిసిపోయినందుకు నిజంగా సిగ్గేసింది.