పసుపు మరలో సన్‌స్క్రీన్

ఆ రోజుల్లో నా ముఖమే నాకు పెద్ద ప్రాజెక్టు. ఆ సంత రోజు హుకుంపేటలోని మా మరలో ఉన్నవాళ్లు, ఉన్నవి: మర నడిపే నాన్న, పసుపు ఆడించుకోవడానికి వచ్చిన జనం, కొమ్ముల బస్తాలు, డిప్లొమా పూర్తిచేసి తూకం చూస్తున్న నేను, నా ముఖానికి దట్టంగా సన్‌స్క్రీన్. మొటిమలకు విశాఖలో కెమికల్ పీల్ చేయించుకుని వచ్చాను. పాత చర్మం పొరలుగా ఊడి, కొత్తది పొట్టు తీసిన ఉల్లిపాయలా తేలింది. ఎండ తగలకూడదు, గిల్లకూడదు, రుద్దకూడదు, ఇంట్లో ఉన్నా సన్‌స్క్రీన్ మానకూడదు అంది డాక్టరమ్మ. ఒక్కటీ తప్పలేదు. (పసుపు మర పక్కన కూర్చోకూడదని ఆవిడ చెప్పలేదు.) ఈ శ్రద్ధంతా ఎదుటి మందుల షాపులో కూర్చునే అమ్మాయి కోసం. నున్నటి ముఖంతో వెళ్లి, మందుల గురించి కాని మాట ఒక్కటైనా ఆమెతో మాట్లాడాలని నా ఆశ.

మర తిరిగింది. లేచిన పొడి లేచినట్టే నా క్రీముకు అంటుకుంది. అద్దం లేదు కనుక నాకు తెలియలేదు. బస్తా దించిన ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా! గుంటడ్ని పెళ్లికొడుకుని సేసేసినారేటి? మాకు సెప్పనేదేటి సావుకారూ?" నోటికి తువ్వాలు చుట్టుకున్న నాన్న, మర మోతలో మాట వినపడక, ఏ బేరానికైనా ఊపినట్టే తల ఊపాడు. సంతంతటికీ ఆ ఊపు చాలింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ చీటీ పట్టుకుని సన్‌స్క్రీన్ ట్యూబు కోసం వెళ్తే ఆ అమ్మాయి తలెత్తలేదు. "పెళ్లంట గదా. పిల్లదే ఊరు?"

షాపు అద్దంలో చూసుకుంటే ముఖమంతా పసుపు. "ఇది నలుగు కాదు. క్రీము జిడ్డుకి పొడి పట్టింది. కావాలంటే చూడు!" అంటూ చొక్కా చేత్తో బుగ్గ రుద్దబోయాను.

"ఆగు! పీల్ సేయించుకున్న మొహం రుద్దుతావేటి? నీళ్లతో కడుగు."

"నాకు పెళ్లి కుదర్లేదు."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా, రుద్దుకోడమెందుకు?" అని నవ్వేసింది. మందుల గురించి కాని మాట అలా మొదలైంది.

కొన్నాళ్లకు నాకు నిజంగానే పసుపు రాశారు, ఆ అమ్మాయితో పెళ్లికే. డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ వరసగా అప్పజెప్పాను. "పసుపు నేని పెళ్లికొడుకేటిరా, ఊరుకో!" అని మేనత్త రెండు బుగ్గలూ రుద్ది పారేసింది. అంత కాపాడుకున్న ముఖాన్ని ఇప్పుడు ఆల్బమ్‌లో చూస్తే, పాపం, కుర్రాడు తెగ నవ్వుతున్నాడు. మొటిమలు: మూడు.