గింతే దూరం

మా వైపు ఒక అలవాటు ఉంది. నడిచి పోయేవాళ్ళు దారి అడిగితే దూరమని చెప్పకూడదు. దూరమంటే కాళ్ళలో సత్తువ పోతుందని మా అమ్మ అనేది. ఎంత దూరమైనా సరే, "గింతే, గిదే వచ్చింది" అనాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నన్ను సూరత్ తీసుకొచ్చి, స్టేషన్ నుంచి మనవాళ్ళుండే గోడాదరా వాడ దాకా మూట నెత్తిన పెట్టుకుని నడిపించాడు. అడిగినప్పుడల్లా "గా మలుపు తిరిగితే అయిపాయె" అన్నాడు. ఎన్ని మలుపులు తిరిగామో దేవుడికెరుక. ఆ మాట అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. అదొక మర్యాద.

కరోనా రెండోసారి వచ్చిన ఏడు ఆ మర్యాదే మా కోడలి మీదికి వచ్చింది.

అప్పటికి మా ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకుది పల్సానాలో బట్టలకు రంగులు వేసే మిల్లులో పని. వచ్చిపోతుంటే రోగం అంటుకుంటుందని సేఠ్ పనివాళ్ళను మిల్లులోనే ఉంచుకున్నాడు. ఇంట్లో నేనూ కోడలూ మిగిలాం. కోడలికి ఏడో నెల. నెలనెలా చూపించుకోవాల్సిన పిల్ల, రెండు నెలలుగా దవాఖాన ముఖం చూడలేదు. కాళ్ళు ఉబ్బుతున్నాయి. పొద్దున లేస్తే తలనొప్పి. "తొలుసూరుకు గట్లనే ఉంటది" అని గల్లీలో ఆడవాళ్ళు ధైర్యం చెప్పేవాళ్ళు. నేనూ ఆ ధైర్యాన్నే పట్టుకుని కూర్చున్నాను.

ఒకనాడు సర్కారు తరఫున ఇంటింటి వివరాలు రాసుకునే సర్వే అమ్మాయి స్కూటీ మీద మా గల్లీకి వచ్చింది. మన తెలుగువాళ్ళ పిల్లే. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగులో హిందీ కలిసిపోతుంది.

"మాసీ, ఇక్కడికెళ్ళి సర్కారీ దవాఖానకు ఎంత టైమ్ పడ్తది?" అని అడిగింది.

"గింతే బిడ్డ. సడక్ దాటితే అయిపాయె," అన్నాను.

"పొయ్యి మీద పప్పు పెట్టి పోయి రావచ్చు," అంది పక్కింటామె.

ఎదురింటి ముసలమ్మ ఊరుకుంటుందా? "ఈడ తుమ్మితే ఆడ ఇనవడ్తది," అంది.

అమ్మాయి నవ్వి ఫోన్ చూసుకుంది. నాకు పేరు రాయడం తప్ప చదువు రాదు. అందులో నీలం గీత ఒకటి మటుకు కనబడింది. "మ్యాప్ కూడా పావుగంటే అంటది. అచ్ఛా. మందుల గాడి దూరమున్న గల్లీలకే పోతది. మీకు జరూరత్ లేదు ఫిర్."

"ఏం గాడి బిడ్డ?"

"నర్స్ ఉంటది మాసీ. బీపీ చూస్తది, కడుపుతోని ఉన్నోళ్ళను చూస్తది."

ఇప్పుడు దూరమని ఎట్లా అనను? మందుల బండి పేరు వినగానే మాట మార్చిందనుకోదా?

లోపలి నుంచి కోడలు గోడ పట్టుకుంటూ వచ్చింది. "అత్తమ్మా, గింతే అనేటిది నువ్వు. నడిచేటిది నేను," అంది. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగింది. "దీదీ, వీళ్ళు ఝూట్ చెప్తలేరు. ఊర్ల అలవాటు. ఎంత దూరమైనా గట్లనే అంటరు."

"నేను ఏది రాయాలె మరి?"

కోడలు చెప్పులు వేసుకుంది. "నా ఎంట నడువు. నా నడకతోని చూడు."

ఆ అమ్మాయి స్కూటీ తాళం వేసి, ఫోన్ చేతిలో పట్టుకుని మా వెనకే బయలుదేరింది. గల్లీ చివర వెదురు బొంగులు అడ్డం కట్టి ఉన్నాయి, అటువైపు కేసులున్నాయని. ఫోన్‌లో నీలం గీత మాత్రం వాటి మధ్య నుంచే పోతోంది. మేము వెనక్కి తిరిగి మురుగు కాలువ గట్టు పట్టుకుని పోయాం. పెద్ద రోడ్డు దగ్గర గుడ్డ తానులు మోసే టెంపోలు ఆగవు, ఆటోలు లేవు. దాటడానికే ఎంతోసేపు నిలబడ్డాం. మూసి ఉన్న చీరల దుకాణం మెట్ల మీద కోడలు కూలబడింది. లేచింది. మళ్ళీ ఇంకోచోట కూర్చుంది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. తన చున్నీతో కోడలి నెత్తి మీద నీడ పట్టింది. దవాఖాన చేరేసరికి గర్భిణులను చూసే వేళ దాటిపోయింది. రేపు పొద్దున రమ్మన్నారు.

అమ్మాయి ఫోన్ చూసి, "గంట దాటింది," అంది మెల్లగా. "నేను స్కూటీ మీద వస్త కదా మాసీ, నాకెట్ల తెలుస్తది."

మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టి, తాను నడిచిపోయి స్కూటీ తెచ్చి, కోడలిని ఇంటి దగ్గర దింపింది. నేను నడిచి గల్లీకి వచ్చేసరికి మళ్ళీ ఇంటింటికీ తిరుగుతోంది. ఈసారి దవాఖాన ఎంత దూరమని అడగడం లేదు. నువ్వు పోయి ఎన్నాళ్ళయింది, దారిలో ఎక్కడ ఆగుతావు అని అడుగుతోంది.

"నేను పోనే పోను బిడ్డ," అంటోంది ఎదురింటి ముసలమ్మ. "నడుమ కూలబడితే లేపెటోళ్ళెవరు?"

"మరి తుమ్మితే ఇనవడ్తది అంటివి?" అంది పక్కింటామె.

"ఇనవడ్తది. నేను పోగల్గుత అన్ననా?"

గల్లీ గల్లీ అంతా నవ్వింది. అమ్మాయి కూడా నవ్వుతూనే ఫోన్‌లో రాసుకుంది.

మర్నాడు దవాఖానకు మళ్ళీ నడిచే సత్తువ కోడలికి లేకపోయింది. కొన్నాళ్ళకు మా గల్లీకి కూడా మందుల బండి వచ్చింది. మూతపడిన మగ్గాల షెడ్డు ముందు ఆగింది. నర్సు కోడలి చేతికి బీపీ పట్టీ కట్టి చూసింది. విప్పి మళ్ళీ కట్టింది. "ఇంటికి పోవద్దు. ఎక్కండి," అని ఆ బండిలోనే మమ్మల్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. బీపీ తలకెక్కి ఉందట. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, దోసెడంత ఉంది. ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. కొడుకు పల్సానా నుంచి వచ్చి గేటు బయట నిలబడి, ఫోన్‌లో బిడ్డను చూసుకుని ఏడ్చాడు.

నర్సుకు దండం పెట్టాను. బండి నడిపే ఆయనకు పెట్టాను. ఆయన సిగ్గుపడి అటు తిరిగాడు. ఆ సర్వే అమ్మాయికి మాత్రం పెట్టలేకపోయాను. ఆమె మళ్ళీ రాలేదు. వేరే వాడకు పంపించారేమో. మాస్కు పెట్టుకునే తిరిగింది, ఆమె ముఖం నాకు తెలియదు. కళ్ళే తెలుసు.

అందుకే రోడ్డు మీద ఏ పిల్ల స్కూటీ ఆపినా కళ్ళు చూస్తాను. మొన్న ఒకమ్మాయి "క్యా హువా మాసీ?" అని అడిగింది. ఆమె కాదు. అయినా "సల్లగుండు బిడ్డ" అన్నాను. ఆమెకు తెలుగు అర్థం కాలేదు. తల ఊపి పోయింది.