సబిహా ఆపా చూసిన ముఖాలు

మొన్న ఆదివారం కామారెడ్డిలో మ్యాట్నీ విడిచే వేళకు సినిమా హాలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. తలుపులు తెరుచుకోగానే లోపలి చల్లగాలి, దాంతోపాటే పాప్‌కార్న్ వాసన ముఖానికి తగిలాయి. ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ జనం దిగుతున్నారు. ఆ చల్లగాలి తగిలినప్పుడల్లా నాకు పని నేర్పిన సబిహా ఆపా గుర్తుకొస్తారు. నల్లతాడుతో మెడలో వేలాడే కళ్ళజోడు పైకెత్తి పెట్టుకుని, "చూడు బేటా, వీళ్ళు ఇంకా నోరు తెరవకముందే ముఖంతోనే సగం చెప్పేసిండ్రు" అనేవారు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలంటే నేనొక సినిమా సంగతి చెప్పాలి. ఆ సినిమా చూసొచ్చిన ఒక తల్లి అన్న మాట, ఆ మాటకు నేను చేసిన అన్యాయం కూడా చెప్పాలి.

ఆపా వాళ్ళ నాన్న ఒకప్పుడు రిక్షాకు మైకు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త సినిమాల ప్రచారం చేసేవాడట. ఆ మైకు గొంతు వింటూ పెరిగిన ఆపా పదిహేనేళ్ళు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పారు. భర్త చనిపోయాక, కామారెడ్డిలో ఆయన నడిపిన చిన్న లోకల్ చానల్‌ను తన చేతుల్లోకి తీసుకున్నారు. నేను చేరేనాటికి అది టీవీలో కంటే ఫోన్లలోనే ఎక్కువ కనిపించేది. ధాన్యం కొనుగోళ్ళు, రోడ్ల గుంతలు, పెళ్ళిళ్ళు, ప్రతి శుక్రవారం సినిమా చూసొచ్చినవాళ్ళ అభిప్రాయాలు. మాది ఎల్లారెడ్డి. డిగ్రీ అయిపోయింది, మాట్లాడటం వచ్చు, ముఖం కెమెరాకు బాగుంటుందని స్నేహితురాళ్ళు అన్నారు. ఆ ధైర్యంతోనే ఆమె ఆఫీసు మెట్లెక్కాను.

"ఈమధ్య ఏం సినిమా చూసినవ్?" అని అడిగారు ఆపా. చెప్పాను. కథ, పాటలు, ఫైట్లు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "నీ పక్క సీట్ల ఎవరు కూసున్నరు?" అన్నారు.

"ఎవరో పెద్దామె, ఆపా."

"ఆమె ఎక్కడ నవ్వింది? ఎక్కడ కొంగు నోట్ల పెట్టుకుంది?"

నాకు తెలియదు. నేను తెర తప్ప ఇంకేమీ చూడలేదు. ఉద్యోగం రాలేదనుకుని లేచి నిలబడ్డాను. "మళ్ళ పోయి అదే సినిమా చూసి రా. ఈసారి తెర చూడకు" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ. రెండోసారి చూసి వచ్చి, పక్కవాళ్ళ సంగతులు ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె టీ తెప్పించారు. మరుసటి రోజు నుంచి నా చేతికి మైకు వచ్చింది.

ఆమెకు ఒక అలవాటుండేది. నేను తీసుకొచ్చిన ఏ వీడియోనైనా మొదట శబ్దం పూర్తిగా తగ్గించి చూసేవారు. ముఖాలు మాత్రమే కదులుతుండేవి. ఆ తర్వాతే శబ్దం పెట్టేవారు. కెమెరా చూడగానే మనిషి నాలుక మర్యాద నేర్చుకుంటుంది గానీ ముఖానికి అంత తొందరగా అబద్ధం రాదని ఆమె నమ్మకం. ఆ రోజుల్లో నాకది చాదస్తంగా కనిపించేది. పని ఆలస్యమవుతోందని లోలోపల విసుక్కునేదాన్ని.

నేను చేరిన మరుసటి వేసవిలో తెలుగులోకి డబ్ చేసిన ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. దాని మొదటి భాగం అంతకు ముందే బాగా ఆడింది. వేరే గ్రహం నుంచి వచ్చిన ఒక విత్తనం మొలకెత్తి మనుషుల ఒంట్లోకి వేళ్ళు దింపుతుంది, ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇప్పుడొచ్చింది దానికి ముందు జరిగిన కథ. ఆ విత్తనాన్ని తేవడానికి ఆరుగురు శాస్త్రవేత్తలు ఆ గ్రహానికి వెళ్తారు. ఒక్కరూ తిరిగి రారు. ఆ సంగతి మొదటి భాగం చూసినవాళ్ళందరికీ తెలుసు. అందుకే అభిప్రాయాలు తీసుకోవడానికి నేను ఉత్సాహంగా వెళ్ళాను. చివర ఏమవుతుందో తెలిసిన సినిమాకు జనం ఎందుకు వచ్చారో వినాలనిపించింది.

ఎల్లారెడ్డిలో సెల్‌ఫోన్ దుకాణం నడిపే ఒకతను, "తెల్వనప్పుడే భయమక్కా. అది ఏడికెళ్ళొచ్చింది, ఎట్లొచ్చింది, అన్ని జెప్పినంక ఇంకేం భయం?" అని పెదవి విరిచాడు. కాలేజీ అమ్మాయిలు గ్రాఫిక్స్ మస్తున్నాయన్నారు, మొదటి పార్టంత లేదని కూడా అన్నారు. పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చిన ఒక రైతు మాటకు అక్కడున్నవాళ్ళమంతా నవ్వాం. "అంత సదువుకున్నోళ్ళు కొత్త ఇత్తనం దొరకంగనే చేతితోని ముట్టుకుంటరా మేడం? మేము దుకాణంలకెళ్ళి తెచ్చిన ఇత్తనం గూడ ముందుగాల ఒక మూలకు ఏసి చూస్తం."

వాళ్ళ వెనకాల ఒక పెద్దామె మెట్ల మీద కూర్చుని ఉంది. పేరు రాజవ్వ. ఎల్లారెడ్డి దగ్గర పల్లె, బీడీలు చేస్తుంది. మోకాళ్ళ నొప్పులకు కోడలు లతతో కలిసి కామారెడ్డి దవాఖానకు వచ్చిందట. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు. బయట ఎండ మండిపోతోంది, హాల్లో చల్లగా ఉంటుందని కోడలు తీసుకొచ్చింది. సినిమాలో అందరికంటే చిన్నవాడు పెట్టె సర్దుకుని, తల్లితో నవ్వుతూ మాట్లాడి బయల్దేరే చోట ఈమె సీట్లోంచి లేచి "వద్దు బిడ్డా, పోకు" అని గట్టిగా అరిచిందట. హాలంతా నవ్వారని కాలేజీ అమ్మాయిలే నాకు చెప్పారు. నేను ఆమె ముందు మైకు పెట్టాను.

ఆమె అరిచిన సంగతి తనే చెప్పింది. చేతులూపి, గొంతు పెంచి, ఎలా అరిచిందో చేసి చూపించింది. తర్వాత ఇంకొంత చెప్పింది. ఆమె కొడుకు దుబాయిలో కట్టడం పనికి పోయి, పైనుంచి పడి చనిపోయాడు. "వాడు గిట్లనే పెట్టె సదురుకున్నడు బిడ్డా. గిట్లనే నవ్వుకుంట పోయిండు. వాళ్ళు మల్లొచ్చేటోళ్ళు కాదని మనకు ఎరుకే. వాళ్ళకు ఎరుక లేదు. గదే నాకు తట్టుకోరాలేదు. నేను దినాం గదే చూస్త. వాడు పెట్టె మూసేటిది. నాకిప్పుడు అంత ఎరుకనే, గని ఆ పొద్దు నేను వద్దనలేదు."

ఆ మాటలు విన్నప్పుడు ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాను. అది నిజం. ఆఫీసుకు వెళ్ళేసరికి ఆ బాధ నన్ను వదిలిపోయింది. అదీ నిజమే. ఆపా బోధన్‌లో బంధువుల పెళ్ళికి వెళ్ళి మూడు రోజులు ఊళ్ళో లేరు. నేను రాజవ్వ కొడుకు మాట మొత్తం కత్తిరించి, అరుపు మాత్రం ఉంచాను. "వద్దు బిడ్డా, పోకు" అన్న చోట నవ్వుల శబ్దం కలిపాను. "ఇంగ్లీషు సినిమాకు సలహా ఇచ్చిన అవ్వ" అని పేరు పెట్టి వదిలాను. తెల్లారేసరికి అది నాకే తిరిగి రావడం మొదలైంది. ఎవరెవరో పంపుతున్నారు. నాతో చదువుకున్నవాళ్ళు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ రెండు రోజులు నేను నేల మీద నడవలేదు.

ఆపా తిరిగొచ్చిన రోజు ఎంతో సంబరంగా ఆమె ముందు ఫోన్ పెట్టాను. ఆమె అలవాటు ప్రకారం శబ్దం తగ్గించారు. నవ్వులు లేవు, మాట లేదు. రాజవ్వ ముఖం ఒక్కటే కదులుతోంది. ఆ మూడు రోజుల్లో నేనా వీడియోను ఎన్నోసార్లు చూశాను. ఆ ముఖాన్ని మాత్రం అప్పుడే మొదటిసారి చూశాను. ఆమె కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. పెదవి వణుకుతోంది.

"ఈమె నవ్వుతుందా?" అన్నారు ఆపా.

"లేదు, ఆపా."

"మరి నవ్వు ఏడికెళ్ళొచ్చింది?"

"మనమే కలిపినం."

"మనం కాదు. ఎవరు?"

"నేను కలిపిన."

ఆమె కోప్పడలేదు. మొత్తం రికార్డింగు అడిగి తీసుకుని ఒక్కరే గదిలోకి వెళ్ళి విన్నారు. బయటికి వచ్చాక కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నారు. "తీసెయ్" అన్నారు. నేను వాదించాను. మన చానల్ పేరు ఇప్పుడిప్పుడే నలుగురికీ తెలిసిందని, తీసేసినా అందరి ఫోన్లలో ఉండనే ఉంటుందని అన్నాను. "ఉంటది. పోయినదాన్ని పట్టుకరాలేం. మన ఇంట్ల మాత్రం ఉండొద్దు" అన్నారు. నా చేతులతోనే తీయించారు. ఆ తర్వాత, "రేపు పొద్దుగాల ఎల్లారెడ్డి బస్సుకు పోదాం. నీ ఊరి దిక్కే కదా, తోవ నువ్వే చూపియ్యాలె" అన్నారు.

బస్సు లింగంపేట దాటాక ఆపా నా వైపు తిరిగారు. ఒకే మాట అన్నారు. "అక్కడ మాట నువ్వే చెప్పాలె. నేను పక్కన కూసుంట. నీ బదులు నేను మాట్లాడ." నా తరఫున ఆమె మాట్లాడితే బాగుండునని అప్పటిదాకా కోరుకున్నాను. ఆ ఆశ కూడా పోయింది.

రాజవ్వ ఇంటి ముందు రేకుల కింద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూడగానే లత లోపలినుంచి విసురుగా వచ్చింది. "మల్ల ఎందుకొచ్చినవక్కా? ఇంక నవ్విపిచ్చేటిది ఏమన్న మిగిలిందా? అత్తమ్మ చుట్టిన బీడీలు కంపెనీల ఇయ్యనీకె గూడ బయటికి పోతలేదు. బజార్ల కనవడితె సాలు, పోకు బిడ్డా, పోకు బిడ్డా అని ఒర్రుతున్నరు" అంది. ఆపా వైపు చూశాను. ఆమె గడప పక్కన కింద కూర్చుని, బీడీ ఆకుల వైపు చూస్తున్నారు. నేను కూడా కింద కూర్చున్నాను. తప్పు చేశానని, నలుగురూ చూడాలని ఆమె మాటను కోశానని, ఎవరూ చెప్పకుండా నేనే చేశానని రాజవ్వతో ఎలాగో అన్నాను.

రాజవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తి చేసింది. దాన్ని చాటలో పెట్టాకే తలెత్తింది. "నన్ను చూసి నవ్వితె నవ్వనీ బిడ్డా. నేను ఒర్రింది నిజమే. వాని ముచ్చట ఎందుకు కోసినవ్?"

నేను తల దించుకుని ఫోన్ బయటికి తీశాను.

"ఆ పొద్దు నేను చెప్పిందంత ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. చూపించమంది. ఫోన్ చేతికిచ్చాను. తన మాట తనే వింటూ, కొడుకు పెట్టె సర్దుకున్న చోటికి రాగానే కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా ఆపమనలేదు. అయిపోయాక, "గిది పెట్టుండ్రి. మొత్తం పెట్టుండ్రి" అంది.

"మల్ల నవ్వుతరు అత్తమ్మా" అంది లత.

"నవ్వెటోళ్ళు నవ్వుతరు. వాని ముచ్చట ఇనెటోళ్ళు ఇంటరు."

అప్పుడు ఆపా మొదటిసారి నోరు విప్పారు. "మీ కొడుకు పేరు చెప్పుండ్రి అమ్మా. అది ఇందుల లేదు" అన్నారు. రాజవ్వ చెప్పింది. ఆ రోజు అక్కడే కూర్చుని ఆ పేరు కూడా రికార్డు చేశాను. ఆమె కొడుకు పేరు ఆ ఇంటిది. ఇక్కడ మళ్ళీ రాయను.

సాయంత్రం ఆ వీడియో మొత్తంగా, ఏ శబ్దమూ కలపకుండా పెట్టాం. పాతదాన్ని చూసినంతమంది దీన్ని చూడలేదు. పాతది ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది, అప్పుడప్పుడు నాకే వచ్చి చేరుతుంది. కానీ కొత్తది చూసినవాళ్ళు మాకు ఫోన్లు చేశారు. చాలావరకు గల్ఫ్ నుంచే. మా జిల్లాలోని డోంగ్లి ఊరి అబ్బాయి ఒకడు మస్కట్ నుంచి మాట్లాడుతూ, సెలవు దొరికితే అమ్మ దగ్గరికి పోతానని, దొరికేదాకా రోజూ ఫోన్ చేస్తానని రాజవ్వకు చెప్పమన్నాడు. చెప్పాను. కొన్నాళ్ళకు రాజవ్వ బీడీల గంప ఎత్తుకుని మళ్ళీ బజారుకు వెళ్తోందని లతే ఫోన్ చేసి చెప్పింది. నన్ను క్షమించిందని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

నేను ఉద్యోగం మానేస్తానన్నప్పుడు ఆపా ఒప్పుకోలేదు. "తప్పు ఎరుకైనంక పోతవా? ఎరుక కానోళ్ళను పెట్టుకుని మల్ల మొదటికెళ్ళి నేర్పాల్నా నేను?" అని గదమాయించి, ఆ శుక్రవారమే నన్ను మళ్ళీ హాలు ముందుకు పంపారు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆమె దగ్గరే పనిచేశాను. ఆపా ఆరోగ్యం పాడైనప్పుడు చానల్ ఎవరికి ఇస్తారని చాలామంది అడిగారు. ఆమె ఎవరికీ జవాబివ్వకుండా ఒకరోజు తాళాలు నా టేబులు మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. సినిమా ఎట్లుందని అడగండి, తప్పులేదు అని వాళ్ళతో అంటాను. బాగుందంటారు, బాగాలేదంటారు. అది విని మైకు దించేస్తే అభిప్రాయం దొరికినట్టే అనిపిస్తుంది. నేను దించను. మనిషి మాట ఆగాక కూడా మైకును అలాగే పట్టుకుని, ఆ ముఖం వైపు చూస్తూ నిలబడతాను. చాలామంది నవ్వి వెళ్ళిపోతారు. కొందరు నాలుగు మెట్లు దిగి, ఆగి, వెనక్కి వస్తారు. అప్పుడు వాళ్ళు చెప్పేది సినిమా గురించి అయినా కాకపోయినా, చివరిదాకా వింటాను, చివరిదాకా ఉంచుతాను.