రబ్బరుపాల మూత

మలయాకు స్వాతంత్ర్యం రాకముందు, అడవుల్లో బ్రిటిషు సైన్యానికీ కమ్యూనిస్టు గెరిల్లాలకూ మధ్య ఎమర్జెన్సీ పోరు సాగుతున్న రోజులవి. కాలేజీ సెలవుల్లో అక్కడి కెడా రాష్ట్రంలో పురాతన గుడి పునాదుల తవ్వకానికి సాయంగా వెళ్ళాను. ఒక మధ్యాహ్నం నా బ్రష్షు కింద ఎముకలు, వాటి నడుము దగ్గర రాగి తాయెత్తు బయటపడ్డాయి. "వెయ్యేళ్ళ నాటివి!" అని తవ్వకం నడిపే మా కాలేజీ మాస్టారు పొంగిపోయారు.

తాయెత్తు తుడిచి చూద్దును కదా, దాని మూతి దగ్గర రబ్బరుపాలు గడ్డకట్టి ఉన్నాయి. ఈ నేలకు రబ్బరు వచ్చింది మా తాతల కాలంలో. అంటే ఈ ఎముకలు వెయ్యేళ్ళ నాటివి కావు.

మాకు టీ తెచ్చే, పక్క రబ్బరు ఎస్టేటులోని అప్పలమ్మత్త గుంటలోకి వంగి చూసింది. పనికని వెళ్ళిన ఆమె కొడుకు నాలుగేళ్ళుగా ఇంటికి రాలేదు.

"ఆడి తాయెత్తు వానకి తడవకుండా నానే పాలు పోసి మూసినాను," అంది. ఏడవలేదు. నా చేతిలోని బ్రష్షు వైపు చూసింది.

"మెల్లగా తుడువు తల్లీ. ఆడికి సక్కిలిగింతలెక్కువ."

ఇప్పటికీ మనవలకు చక్కిలిగింతలు పెట్టబోతే, నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది.